కరక్కాయ మునగాలి

విశాఖలో పాడేరు బస్సెక్కి చోడవరం దాకా నిలబడే వెళ్లాను. సీటు దొరికేసరికి మాడుగుల వచ్చేసింది. హల్వా కోసం దిగితే ఆ సీటూ పోతుందని కదల్లేదు, ఆ కోపం ఘాట్ ఎక్కేదాకా తగ్గలేదు. మోదకొండమ్మ పాదాల దగ్గర బస్సాగితే అందరూ దణ్ణం పెట్టుకున్నారు, నేను మాత్రం చలికి చేతులు రుద్దుకున్నాను.

ఈ ప్రయాణమంతా ఒక చూర్ణం డబ్బా వల్ల. నాన్న కోసం సిటీలో కరక్కాయ, తానికాయ, ఉసిరి కలిపిన త్రిఫల కొంటే, మూత తీయగానే రంపపు పొట్టు వాసన. "కొండ కరక్కాయ తెచ్చిపెట్టు, నేనే దంచుకుంటా" అన్నారాయన.

సంతలో ఒక పెద్దావిడ గోనెపట్టా మీద కరక్కాయలు, ఉసిరి ఒరుగులు, కుంకుళ్లు పోసుకుని కూర్చుంది. ధర అడిగితే చెప్పలేదు. స్టీలు చెంబులో నీళ్లు పోసి, నా చేతిలోని కాయ లాక్కుని అందులో వేసింది. తేలింది. తీసి పక్కన పారేసింది. ఇంకోటి వేసింది, బుడుంగున మునిగింది.

"ఇది మందు బాబూ. తేలింది పొట్టే."

మంచి కరక్కాయ బరువుగా ఉండాలని, నీళ్లలో మునగాలని ఆయుర్వేద గ్రంథాల్లోనూ ఉంది. ఆవిడ వాటిని చదివి ఉండదు. ఆయుర్వేద మందుల తయారీకి షెడ్యూల్ టి అని నిబంధనలు తెచ్చి పాతికేళ్లయింది. 2014లో ఆయుర్వేదం లాంటి వైద్యాలను చూసే ఆయుష్‌కి ఏకంగా ఒక మంత్రిత్వ శాఖే వచ్చింది. అయినా పొడి చేశాక కాయ మునిగిందో తేలిందో నాలాంటివాడికి తెలిసే దారేది? డబ్బా మీద లైసెన్సు నంబరు చూసి నమ్మడమే.

పక్కన ఒకాయన నరమామిడి చెక్క కట్టలు పేర్చాడు. అగరుబత్తీలకి పోయే సరుకు. మీరూ అమ్మొచ్చుగా అన్నాను ఆవిడతో.

"చెక్క ఒలిస్తే చెట్టు ఎండిపోద్ది. కాయైతే మళ్లా యేడాదీ కాస్తాది."

ఔషధ మొక్కల మీద ఇంతకన్నా సూటిగా మాట్లాడినవాళ్లను నేను చూడలేదు. వేరు తవ్వినా అంతే కదా. సర్పగంధిని అలా తవ్వీ తవ్వీ, చివరికి 1990లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అడవి మీద భారం తగ్గాలని జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2020-21 దాకా సాగుకి సబ్సిడీ ఇచ్చింది. అశ్వగంధ అయితే పొలంలో ఒక్క పంటకాలంలో చేతికొస్తుంది. కరక్కాయ చెట్టు కాపుకొచ్చేదాకా ఏ రైతు ఆగుతాడు?

ఇవన్నీ ఎవరికి అమ్ముతారని అడిగాను. జీసీసీకి, అంటే ప్రభుత్వ గిరిజన సహకార సంస్థకి కొంత, సావుకారికి కొంత అంది. సావుకారికెందుకంటే నవ్వింది. "జొరమొస్తే రేత్రికి రేత్రి అప్పిచ్చేది ఆడే బాబూ." 1956లో జీసీసీ పెట్టింది గిరిజనులను ఆ సావుకార్ల చేతిలోంచి తప్పించడానికే.

మానిక ముప్పై రూపాయలంది. రెండు మానికలు కొలిపించుకున్నాను. సిటీలో వంద గ్రాముల డబ్బాకి నేనిచ్చిన డబ్బు గుర్తొచ్చి మళ్లీ ఒళ్లు మండింది.

తిరుగు బస్సులో ఒళ్లో సంచితో నిద్రపోయాను. మాడుగుల ఎప్పుడు దాటిందో కూడా తెలీదు.

ఇంటికొచ్చి చెంబు సంగతి చెప్పగానే నాన్న బకెట్‌లో నీళ్లు పట్టి కాయలన్నీ అందులో పోశారు. మూడు తేలాయి.

"ఆవిడ చూసే ఇచ్చిందన్నావుగా?"

"ఆవిడ చూసింది రెండే నాన్నా. మిగతావి నేనే ఏరాను."