బీటీ వేరు, హైబ్రిడ్ వేరు

గుంటూరులో డిగ్రీ పిల్లలకు బయోటెక్నాలజీ చెబుతుంటాను. జన్యువు, ప్లాస్మిడ్, లైగేజ్ అంటూ నిర్వచనాలు గడగడా అప్పజెప్పే పిల్లలే, సెలవులకు ఊరెళ్లి పత్తి చేలో నిలబడితే ఆ మాటలు అక్కడికి పనికొస్తాయనుకోరు. నాకు ఆ బెంగ ఎప్పుడూ ఉంటుంది.

ప్రత్తిపాడు దగ్గర వ్యవసాయం చేసే మా బాబాయి మొన్న అడిగాడు: "బీటీ పత్తి గింజలు దాచి మళ్లీ వేస్తే మొలవవంటగా అమ్మాయ్? అందులో ఏం పెట్టారసలు?"

మొలుస్తాయి బాబాయ్. ఆ ప్యాకెట్‌లో రెండు వేర్వేరు సంగతులున్నాయి.

ఒకటి బీటీ. బాసిల్లస్ థురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే నేల బ్యాక్టీరియాలో క్రై1ఏసీ అనే జన్యువు ఉంది. దాన్ని రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కత్తిరించి, లైగేజ్ అనే ఎంజైమ్‌తో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో అతికించి, మొక్కల్లోకి జన్యువులు చేర్చగల ఆగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా ద్వారా పత్తి కణంలోకి పంపారు. పురుగును చంపేది జన్యువు కాదు, దాన్ని బట్టి మొక్క తయారుచేసే ప్రొటీన్. అది పురుగు పేగులోని క్షార గుణానికి కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, ఆ ప్రొటీన్ అతుక్కునే గ్రాహకాలూ మనకు లేవు.

రెండోది హైబ్రిడ్. నంద్యాల వైపు విత్తన పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేస్తారు, మర్నాడు పొద్దున వేరే రకం పుప్పొడి అద్దుతారు. అలా వచ్చిన మొదటి తరం అంతా ఒకేలా కాపు కాస్తుంది. దాని గింజలు వేస్తే తల్లి గుణాలూ తండ్రి గుణాలూ విడిపోయి చేను ఎగుడుదిగుడుగా వస్తుంది. ఇందులో బీటీ తప్పేమీ లేదు.

అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది. చాలా హైబ్రిడ్లకు బీటీ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తుంది. చేలో కాసిన కాయలోని గింజలు అప్పటికే తర్వాతి తరం. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 1866లో బఠాణీల గురించి రాసిన లెక్కే: నాలుగింట మూడు వంతుల గింజల్లో ఆ జన్యువు ఉంటుంది, ఒక వంతులో ఉండదు. గులాబీ రంగు పురుగు సరిగ్గా కాయలో దూరి గింజలే తింటుంది. విషం లేని గింజ, ఉన్న గింజ పక్కపక్కనే దొరికితే, కొద్దిగా తట్టుకోగలిగిన పురుగులు బతికి పిల్లల్ని పెడతాయి. పురుగుల్లో బీటీని తట్టుకునే శక్తి, అంటే నిరోధకత, పెరగడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తలు అంటారు. అమెరికాలో వేసేవి ఎక్కువగా సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి. అలాంటి బీటీ రకాల్లో కాయలో ప్రతి గింజలోనూ ఆ ప్రొటీన్ ఉంటుంది.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండో జన్యువు క్రై2ఏబీ కూడా చేర్చారు. ఇప్పుడు రెండిటినీ తట్టుకునే గులాబీ పురుగులున్నాయి. ఒకప్పుడు డబ్బాలో విడిగా వచ్చిన 120 గ్రాముల మామూలు విత్తనాల ప్యాకెట్‌ను గట్ల వెంట వేయమన్నది ఇందుకే: తట్టుకునే పురుగులు అక్కడ పెరిగిన మామూలు పురుగులతో జతకడితే నిరోధకత పలచబడుతుంది. చాలామంది దాన్ని అవతల పారేశారు. ఎందుకో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోతే ఎలా వేస్తారు?

అందుకే ఈసారి ల్యాబ్‌లో పిల్లలతో వాళ్ల చేలోని కాయలే తెప్పిస్తున్నాను. ఒక్కో గింజను విడిగా నూరి, ద్రావణంలో కలిపి, బీటీ ప్రొటీన్‌ను పట్టిచూపే పట్టీ, అదే బీటీ స్ట్రిప్, ముంచాలి. రెండు గీతలొస్తే ప్రొటీన్ ఉన్నట్టు, ఒక్కటే వస్తే లేనట్టు. లెక్క వాళ్లే వేసుకుంటారు. బాబాయిని కూడా రమ్మన్నాను.