ఒకే ఊళ్లో ఇద్దరు హన్స్ ముల్లర్‌లు

జర్మనీలోని వుర్టెంబర్గ్ పల్లెల్లో 1600ల నాటి మనిషి వంశం వెతికేటప్పుడు పేరు దొరకడం సులువే. ఆ పేరు మనవాడిదేనా అన్నది తేల్చుకోవడంలోనే ఉంది తంటా అంతా. 1558 నుంచి అక్కడి ప్రొటెస్టెంట్ పాస్టర్లు బాప్టిజం, పెళ్లి రాసిపెట్టాలి; ఖననాల పుస్తకాలు చాలాచోట్ల ఆ తర్వాతే మొదలయ్యాయి. ఆ పుస్తకాలు చాలావరకు ఆర్కియన్ (Archion) అనే జర్మన్ చర్చి పుస్తకాల సైటులో చందా కడితే కనిపిస్తాయి.

ముందు పెళ్లి నమోదు పట్టుకోండి. అందులో తండ్రి పేరు, వృత్తి, ఊరు ఉంటాయి. తండ్రి పేరు ముందు ‘వైలాండ్’ అని ఉంటే కీర్తిశేషుడని అర్థం. అంటే ఆయన ఖననం ఆ తేదీకి ముందే దొరకాలి. దొరికినవాడు పెళ్లి తర్వాత పోయాడా, మీరు తప్పు ముల్లర్‌ని పట్టుకున్నట్టే.

తర్వాత 20–30 ఏళ్లు వెనక్కి వెళ్లి బాప్టిజం వెతకాలి. యోహాన్ గేయోర్గ్ అని పేరు పెట్టినా పిలిచేది రెండో పేరుతోనే, కాబట్టి పెళ్లి నాటికి ఉత్త యోర్గ్ అయిపోతాడు. ముల్లరిన్ అని కనిపిస్తే వేరే ఇంటిపేరు అనుకోకండి, ఆడవాళ్ల ఇంటిపేరుకు చివర ‘ఇన్’ చేర్చడం అప్పటి అలవాటు. ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు తేలితే ఖననాల పుస్తకం తెరవాల్సిందే. బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవారు. చాలామంది ఈ మెట్టు దాటేసి, పసితనంలోనే పోయిన పిల్లాడికి మనవలను అంటగడతారు! ఇంకా తేలకపోతే జ్ఞానపితరులను, అంటే బాప్టిజంలో బిడ్డకు పూచీగా నిలిచినవాళ్లను చూడండి. ఒక దంపతుల పిల్లలందరికీ తరచూ వాళ్లే ఉంటారు.

తేదీలతో జాగ్రత్త. ‘7బెర్’ అంటే జులై కాదు, సెప్టెంబర్. ప్రొటెస్టెంట్ ఊళ్లలో క్యాలెండర్ మార్చినందువల్ల 1700 ఫిబ్రవరి 18 మర్నాడు మార్చి 1 వచ్చింది. అంతకుముందు పక్క కేథలిక్ ఊరి తేదీ పది రోజులు ముందుండేది. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో e అక్షరం n లాగే ఉంటుంది, అందుకే ఇంటిపేర్లు తారుమారవుతాయి.

ముప్పై ఏళ్ల యుద్ధంలో భాగంగా 1634లో జరిగిన నోర్డ్‌లింగెన్ పోరు తర్వాత ఎన్నో పుస్తకాలు తగలబడ్డాయి. అలాంటిచోట ఆస్తి పంపకాల జాబితాలు ఆదుకుంటాయి. వుర్టెంబర్గ్‌లో ఆస్తిని పిల్లలందరికీ పంచేవారు కాబట్టి, బతికున్నవాళ్ల పేర్లూ అల్లుళ్ల పేర్లూ ఒకేచోట దొరుకుతాయి. ఇవి చర్చిలో కాక ఊరి ఆర్కైవులో ఉంటాయి. అక్కడా దొరక్కపోతే స్విట్జర్లాండ్ వైపు చూడండి, యుద్ధం ఖాళీ చేసిన ఊళ్లకు అక్కణ్నుంచి చాలామంది వలస వచ్చారు.