ఇటుక పొడి

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర

ఈ రోజు సంగతి రాసుకోకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున ప్రార్థన కాగానే ఎప్పటిలాగే శుభ్రత తనిఖీ చేశాను. గోళ్లు, జుట్టు, పళ్లు. పదకొండేళ్లుగా చేస్తున్న పని. పిల్లలు వరుసలో నిలబడి ముందు చేతులు చాపుతారు, తర్వాత "ఈ" అని పళ్లు చూపిస్తారు. నేను "బాగుంది", "రేపు గోళ్లు తీయించుకుని రా", "ఈ రోజు తోముకోలేదా నాన్నా?" అనుకుంటూ వరుస వెంట నడుస్తాను. మూడో తరగతి వరుసలో ఒక పాప పెదవులు విప్పలేదు. "చూపించమ్మా" అన్నాను. తల వంచుకుంది. పక్కనున్న పిల్లవాడు అందుకున్నాడు: "తను సరిగ్గా తోముకోదు టీచర్, పళ్లు ఎప్పుడూ గారగానే ఉంటాయి." ఎండ ఎక్కుతోంది, రెండు తరగతులు నేనే చూసుకోవాలి. "రేపటి నుంచి శుభ్రంగా తోముకుని రావాలి, సరేనా?" అనేసి ముందుకు వెళ్లిపోయాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఈ వారమంతా పళ్ల గురించే చెబుతున్నాను. నిన్న సాయంత్రం ఇంటి నుంచి తెచ్చిన రెండు కోడిగుడ్లలో ఒకదాన్ని నీళ్ల గ్లాసులో, ఇంకొకదాన్ని వెనిగర్ గ్లాసులో వేసి బీరువా మీద పెట్టాను. వెనిగర్‌లో పడిన గుడ్డు చుట్టూ చూస్తుండగానే సన్నని బుడగలు అంటుకున్నాయి. ఈ రోజు పదకొండింటికి రెండూ దించి బల్ల మీద పెట్టాను. నీళ్లలోది నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. వెనిగర్‌లోది కాస్త ఉబ్బి, పెంకంతా తడి సున్నంలా జారిపోయింది. కుళాయి కింద పట్టి వేలితో రుద్దితే తెల్లటి పొర కొట్టుకుపోయి లోపల పల్చని తోలు మిగిలింది. వెలుతురుకు ఎత్తి చూపిస్తే లోపల పచ్చసొన కదలడం కనిపించింది. ఒక్కొక్కరి అరచేతిలో పెట్టి మెల్లగా నొక్కి చూడమన్నాను. రెండో తరగతి పిల్లవాడొకడు "టీచర్, దీనికి ఎముకలు పోయాయి!" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

గుడ్డు పెంకూ పంటి పైనుండే ఎనామిల్ పొరా ఒకే పదార్థం కాదు. ఎనామిల్ చాలా గట్టిది, మన ఒంట్లో అంత గట్టిది మరొకటి లేదు. అయినా పులుపుకు, ఆమ్లానికి రెండూ లొంగుతాయి. "మరి మన నోట్లో వెనిగర్ ఎవరు పోస్తారు?" అని అడిగాను. ఎవరూ పోయరన్నారు. అప్పుడు పాచి గురించి చెప్పాను. పళ్ల మీద పేరుకునే ఆ జిగురులో కంటికి కనిపించని సూక్ష్మక్రిములు కోట్ల కొద్దీ ఉంటాయి. మనం తిన్న తీపినే అవి తింటాయి, తిని ఆమ్లం వదులుతాయి. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి పంటిని మళ్లీ బాగుచేస్తుంది. ఆ కాసేపు గడవకముందే ఇంకో బిస్కెట్టు, ఆ తర్వాత ఇంకో చాక్లెట్టు వేసుకుంటే బాగుచేసుకునే వ్యవధి పంటికి దొరకదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి రాత్రి తోముకోకుండా పడుకుంటే తెల్లవార్లూ ఆ క్రిములకు అడ్డు ఉండదు. రాత్రి తోముకునేవాళ్లు చేతులెత్తండి అంటే ఇరవై ఆరు మందిలో నాలుగు చేతులు లేచాయి. అందులో ఒకటి సగమే లేచింది.

ఒకడు పట్టువదలకుండా వాదించాడు. వాళ్ల మామయ్యకు పిప్పి పన్ను నొప్పి పుడితే సంతలో ఒకాయన ఏదో పసరు పోసి పురుగు తీశాడట, తను కళ్లారా చూశాడట. ఆ పిల్లవాడు చూసింది అబద్ధమని అనలేదు. సంతలో పురుగు కనిపించి ఉంటుంది కానీ అది పంటిలో నుంచి వచ్చింది కాదు, పన్ను పుచ్చడానికి పురుగే అక్కర్లేదు, కంటికి కనిపించని క్రిములు చాలు అన్నాను. వాడు ఆలోచనలో పడ్డాడు. మళ్లీ అడుగుతాడు, నాకు తెలుసు. అడగాలి కూడా.

తర్వాత చిన్న అద్దాలు ఇచ్చి ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాను. ఒకరి పళ్లు ఒకరు లెక్కపెట్టాలి. నాకు కావలసింది అంకె కాదు, అన్నిటికన్నా చివరనున్న దవడ పన్ను. ఆరేళ్లు నిండే సమయంలో పాలపళ్లన్నిటి వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త పన్ను ఒకటి చడీచప్పుడు లేకుండా వస్తుంది. పైన రెండు, కింద రెండు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు. ఊడిన చోట రాలేదు కాబట్టి పెద్దవాళ్లు వాటినీ పాలపళ్లనే అనుకుంటారు. ఇద్దరు పిల్లలకు అప్పుడే ఆ పంటి మీద నల్లటి గుంట కనిపించింది. "మా అమ్మ ఇది ఊడిపోయేదేలే అంది టీచర్" అంది వాళ్లలో ఒక అమ్మాయి. ఊడిన పాలపంటిని పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరితే కొత్తది వస్తుందని నమ్మే వయసు వాళ్లది. ఈ పన్ను పోతే ఎన్ని కప్పుల మీదికి విసిరినా ఇంకోటి రాదు. ఇద్దరి ఇళ్లకూ చీటీ రాసి పంపాను, ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ల డాక్టరుకు చూపించమని.

ఎంతసేపు తోమాలి అనే దానికి మాకొక కొలత దొరికింది. గడియారం చూసి రెండు నిమిషాలు తోమమంటే ఎవరూ తోమరు. నిదానంగా మనసులో చదువుకుంటే రెండో ఎక్కం నుంచి ఆరో ఎక్కం వరకు దాదాపు రెండు నిమిషాలు పడుతోంది, నిన్న ఇంట్లో చూసుకున్నాను. పిల్లలకు ఇది బాగా నచ్చింది. ఆరో ఎక్కం రానివాళ్లు ఐదోది రెండుసార్లు చదువుకుంటామన్నారు.

మధ్యాహ్నం అన్నం అయ్యాక చిక్కీ ఇచ్చారు. పిల్లలకు అది బలమైన తిండే, ఇవ్వొద్దని నేను అనను. కానీ బెల్లం పాకం దవడ పళ్ల గాడుల్లో అతుక్కుంటుంది. అందుకే చిక్కీ తిన్న ప్రతివాళ్లూ కుళాయి దగ్గర మూడుసార్లు పుక్కిలించాలని ఈ నెల నుంచి పెట్టుకున్నాం. అక్కడ నిలబడి చూస్తున్నాను. అందరూ వెళ్లిపోయినా పొద్దున పెదవులు విప్పని పాప మాత్రం ఆ చివర గోడ వైపు తిరిగి ఏదో చేస్తోంది. దగ్గరికి వెళ్లాను. ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

చేతిలో నోటుపుస్తకం కాగితం మడత. విప్పి చూస్తే ఇటుక పొడి, కొంచెం ఉప్పు కలిపి. చూపుడు వేలి గోటిలో కూడా ఆ పొడి ఇరుక్కుని ఉంది. "ఎందుకమ్మా ఇది?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఎంత తోమినా పోవడం లేదు టీచర్" అంది. రోజూ రెండుసార్లు తోముతుందట, ఇంటి దగ్గర ఒకసారి, బడికి వచ్చే దారిలో ఒకసారి. కూర్చోబెట్టి అద్దం పెట్టి చూశాను. ముందు పళ్ల మీద అడ్డంగా సున్నంలాంటి తెల్లటి చారలు, మధ్యలో గోధుమరంగు మచ్చలు. పాచి ఎక్కడా లేదు. తరగతి మొత్తంలో అంత శుభ్రమైన నోరు ఇంకొకటి లేదు. చిగుళ్లు మాత్రం చెక్కుకుపోయి ఉన్నాయి.

ఇది బోరు నీళ్లు చేసిన పని. నేను చీరాల వైపు పెరిగాను, కనిగిరి దగ్గరి ఈ ఊరికి బదిలీ మీద వచ్చి రెండేళ్లే అయింది. అయినా తెలియని విషయం కాదు. దర్శి, పొదిలి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, నీటిలో కరిగి ఉండే ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువవడం వల్ల జిల్లా జనానికి ఎముకలు, పళ్లు చెడుతున్నాయని వైద్యులు రాశారు. మన దేశంలో ఈ జబ్బును గుర్తించింది ఇక్కడి పల్లెల్లోనే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. దవడ లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఆ నీళ్లు తాగితే మచ్చ ఎనామిల్‌లోనే పడుతుంది. పైన అంటుకున్నది కాదు కాబట్టి ఏ పొడితో రుద్దినా రాదు. రుద్దేకొద్దీ పంటి పొర అరుగుతుంది, అంతే. ఇవన్నీ చదువుకున్నాను. ఊళ్లో పెద్దవాళ్ల వంగిపోయిన కాళ్లు రోజూ చూస్తున్నాను. చూస్తూనే ప్రతి పొద్దునా ఆ పాపను వరుసలో నిలబెట్టి పళ్లు చూపించమన్నాను. శుభ్రంగా ఉండడం, తెల్లగా ఉండడం ఒకటేనన్నట్టు నేర్పాను.

మధ్యాహ్నం లెక్కల పీరియడ్ వదిలేసి పిల్లలందరికీ ఇదే చెప్పాను. పేర్లు తీయలేదు. మన ఊరి నీళ్లలో ఏముందో, మచ్చ ఎలా పడుతుందో, అది ఎవరి తప్పూ ఎందుకు కాదో చెప్పాను. "మా తాతవీ అలాగే ఉంటాయి", "మా అక్కవి కూడా" అని ఒక్కొక్కరే మొదలుపెట్టారు. క్యాను నీళ్లు తాగడానికే కాక అన్నం, పప్పు వండడానికి కూడా వాడాలని ఇంట్లో చెప్పమన్నాను. చాలా ఇళ్లలో తాగేది క్యాను నీళ్లు, ఎసరు పెట్టేది బోరు నీళ్లు. కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు, పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పేస్టులో ఉండేదీ ఫ్లోరైడే కదా అని ఐదో తరగతి అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! పంటి పైన కొంచెం తగిలి ఉమ్మేస్తే అది పంటిని గట్టిపరుస్తుంది, రోజూ కడుపులోకి వెళ్తేనే కీడు. అందుకే బఠానీ గింజంత పేస్టు చాలు, మింగకూడదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగాలి అని చెప్పాను.

బడి వదిలాక ఆ పాప నాయనమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది. నేనే వెళ్లి పొద్దున అన్న మాట, ఇటుక పొడి సంగతి చెప్పి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమెకు మెడ తిరగదు, నన్ను చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. "దానికి చెబుతూనే ఉన్నానమ్మా, ఇవి కడిగితే పోయేవి కావని. నా మాట వినదు. మీరు చెబితే వింటుంది" అంది. తన పళ్లు కూడా అలాగే ఉన్నాయి, ఇంకా ముదురు రంగులో. పెళ్లిచూపుల్లో నోరు తెరవొద్దని వాళ్లమ్మ చెప్పి పంపిందట. తర్వాత బల్ల మీద అద్దం చూసి, "దాన్ని ఒకసారి ఇటివ్వండి" అని తీసుకుని, వెలుతురు వైపు తిరిగి, నోరు పెద్దగా తెరిచి చాలాసేపు చూసుకుంది. మనవరాలు పక్కన నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. పంతొమ్మిది ఉన్నాయి. "నయమే" అంది ఆమె. పాప నవ్వింది. నవ్వగానే చెయ్యి నోటికి అడ్డం వచ్చింది.

రేపటి నుంచి ప్రార్థన దగ్గర పళ్ల తనిఖీ లేదు. అందరినీ బ్రష్షులు తెమ్మన్నాను, కుళాయి గట్టు దగ్గర కలిసి తోముకుంటాం, ఎక్కాలు చదువుకుంటూ. వచ్చేటప్పుడు కొట్లో మెత్తటి కుచ్చున్న బ్రష్షులు రెండు కొన్నాను. ఒకటి ఆ పాపకు. రెండోది నా సంచిలో పెట్టుకున్నాను.