టవర్ నిలబడేది తాడు మీద

పైకి లేపి ఉన్న క్రాంక్-అప్ టవర్ ఎక్కొద్దు. కింద రాసిందంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి చాలు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల హ్యామ్ (సరదాకి నడిపే రేడియో) లైసెన్సు తెచ్చుకున్న మన తెలుగు మిత్రులు కొందరు పాత టవర్లు సెకండ్ హ్యాండ్‌లో కొనాలని చూస్తున్నారు. నన్ను ముందు అడిగేది రేటు గురించి, తర్వాత ఎంత ఎత్తు లేస్తుందని. దాన్ని పైన పట్టుకుని ఉన్న వైర్ రోప్, అంటే ఇనుప తీగలు పేనిన తాడు, ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు. కొనేముందు మొట్టమొదట చూడాల్సింది అదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. క్రాంక్-అప్ టవర్ అంటే ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే ఇనుప సెక్షన్లు, అడుగున ఒక వించ్, అంటే రోప్‌ను డ్రమ్ము మీద చుట్టే యంత్రం. హ్యాండిల్ తిప్పితే సెక్షన్లన్నీ కలిసి పైకి లేస్తాయి. మా పెరట్లో ఉన్నది నాలుగు సెక్షన్లది, దించితే దాదాపు 22 అడుగులు, పూర్తిగా లేపితే 55. ఆ తేడా ఏం చేస్తుందో 14 మెగాహెర్ట్జ్ బ్యాండులో కూర్చుంటే తెలుస్తుంది. యాంటెన్నా 22 అడుగుల్లో ఉంటే సిగ్నల్ నేలకు చాలా ఎక్కువ కోణంలో ఆకాశంలోకి పోతుంది, 55 అడుగులకు లేపితే ఆ కోణం 18 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, దూరదేశాలకు కావాల్సింది తక్కువ కోణమే. డాలస్ నుంచి హైదరాబాదుకు దగ్గరి దారి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది, 14,000 కిలోమీటర్ల పైమాటే, అందుకని యాంటెన్నాను ఇంచుమించు నేరుగా ఉత్తరానికి తిప్పి వింటాను. ధ్రువం దాటి వచ్చే సిగ్నల్ చాలాసార్లు సన్నగా, వణుకుతూ వస్తుంది. అలాంటప్పుడు ఎత్తు ఒక్కో అడుగూ లెక్కే. ఆ వణుకులోంచి ఒక తెలుగు గొంతు పలికిందంటే నాకు ఆ రోజంతా పండగే.

అసలు లేపి దించే టవరే ఎందుకంటే, ఒకటి చుట్టుపక్కలవాళ్లు. వాడనప్పుడు దించేస్తే ఇంటి కప్పు కన్నా కొంచెమే పైకి కనిపిస్తుంది, ఎవరికీ కంట్లో నలుసు కాదు. 1985లో ఎఫ్‌సీసీ (ఇక్కడ రేడియో వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఉత్తర్వు వల్ల ఊరి మున్సిపాలిటీ హ్యామ్ యాంటెన్నాలను ఉత్తపుణ్యానికి కాదనలేదు, కానీ ఇంటి యజమానుల సంఘం నిబంధనలకు ఆ ఉత్తర్వు వర్తించదు, ఇల్లు కొనేటప్పుడే ఆ కాగితాలు చదువుకోవాలి. రెండోది గాలివాన, దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు రోప్. వించ్ నుంచి బయల్దేరిన రోప్ అడుగు సెక్షన్ తల దగ్గరున్న గిలక ఎక్కి, మళ్లీ కిందికి దిగి, రెండో సెక్షన్ పాదాన్ని పట్టి పైకి లాగుతుంది. రెండో సెక్షన్ తల దగ్గర ఇంకో గిలక, దాని మీదుగా ఇంకో రోప్. ఈ రోప్ ఒక కొస అడుగు సెక్షన్‌కు బిగించి ఉంటుంది, రెండో కొస మూడో సెక్షన్ పాదాన్ని పట్టుకుంటుంది. నాలుగోదీ అంతే. కాబట్టి రెండో సెక్షన్ ఒక అడుగు లేస్తే మూడోది రెండడుగులు, నాలుగోది మూడడుగులు లేస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ నాలుగో సెక్షన్ మూడింతలు లేస్తోందంటే దాని బరువు కూడా వించ్ రోప్ మీద మూడింతలై పడుతోందన్నమాట. పైన యాంటెన్నా, దాన్ని తిప్పే మోటారు (రోటార్), మాస్టు పైపు కలిపి 50 కిలోలు పెట్టామనుకోండి, కింద వించ్ రోప్‌కు అది 150 కిలోలు. సెక్షన్ల సొంత బరువు దీనికి అదనం. బావిలోంచి చేదిన బిందెను గట్టు దాకా తెచ్చి, తాడు పట్టుకుని అలాగే నిలబడితే ఎలా ఉంటుందో టవర్ పరిస్థితి అదే, మనం ఆఫీసులో ఉన్నా, నిద్రపోతున్నా ఆ బరువు రోప్ మోస్తూనే ఉంటుంది. మామూలు మోడళ్లలో సెక్షన్లను పైన పట్టి ఉంచే లాక్ ఏదీ ఉండదు.

రోప్ తెగిందంటే సెక్షన్లు ఒకదాంట్లోకి ఒకటి జారిపడతాయి. పక్కనున్న అడ్డకడ్డీలు ఒకదాన్నొకటి రాసుకుంటూ దాటిపోతాయి, ఆ మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది, పాదం ఉంటే పాదం పోతుంది. నడుముకు బెల్టు కట్టుకుని ఎక్కినా అది ఇక్కడ కాపాడదు, మనిషిని అక్కడే పట్టి ఉంచుతుంది. మొన్నొక కుర్రాడు, "అన్నా, సగమే లేపి ఉంది కదా, పదడుగులు ఎక్కి ఆ కనెక్టర్ బిగించి దిగిపోతా" అన్నాడు. "సగం లేచినా రోప్ మీదే ఉంది తమ్ముడూ, ముందు దించు" అన్నాను. దించాక కూడా ఊరుకోకూడదు. సెక్షన్లన్నీ అడుగున వాటి స్టాపుల మీద కూర్చున్నాయని కళ్లతో చూసి, ఆ పైన సెక్షన్లన్నిటి గుండా అడ్డంగా గట్టి ఇనుప పైపో మందపాటి చెక్కో దూర్చి, అప్పుడు ఫుల్ బాడీ హార్నెస్ వేసుకుని ఎక్కాలి. టవర్‌కు పక్కకు వంచే ఏర్పాటు ఉంటే అసలు ఎక్కే పనే లేదు, పూర్తిగా దించి, వంచి, నేల మీద నిలబడి పని చేసుకోవచ్చు. వంచేముందు పూర్తిగా దించడం తప్పనిసరి. లేచి ఉన్న టవర్‌ను వంచడం మొదలుపెడితే కాలు దగ్గరున్న కీలు, వంచే వించ్ రెండూ ఆగవు.

గాలికి ఊగుతోందని గై వైర్లు, అంటే టవర్ నుంచి నేలకు ఏటవాలుగా లాగి కట్టే తీగలు, కట్టాలనిపిస్తుంది చాలామందికి. మాన్యువల్‌లో రాసి ఉంటే తప్ప కట్టకండి. గై వైరు టవర్‌ను పక్కకు పట్టుకోవడంతో పాటు కిందికి కూడా లాగుతుంది, తలకు కట్టిన వైరు కిందికి లాగే ప్రతి కిలో వించ్ రోప్‌కు చేరేసరికి మూడు కిలోలు అవుతుంది. గాలి పెరిగినప్పుడు ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది.

రోప్ పరీక్ష ఎలా చేస్తానంటే, తోలు గ్లోవ్స్ వేసుకుని, టవర్ దించి ఉన్నప్పుడు, వించ్ కదలకుండా ఉన్నప్పుడు, పాత నూలు గుడ్డ ఒకటి రోప్‌కు చుట్టి మెల్లగా పొడుగునా లాగుతాను. తెగిన తీగ ఉంటే గుడ్డ దారాలు అక్కడ పట్టుకుంటాయి. ఈ టవర్లకు ఎక్కువగా వాడే 7x19 రోప్‌లో ఏడు పాయలు, ఒక్కో పాయలో 19 తీగలు, మొత్తం 133. ఒకటి తెగిందంటే పక్కవి కూడా అదే దారిలో ఉన్నాయని అర్థం, నేనైతే మార్చేస్తాను. చాలామంది చూడని చోటు ఒకటుంది. టవర్ రోజూ ఒకే ఎత్తులో ఆగి ఉంటే రోప్‌లో ఒకే భాగం నెలల తరబడి గిలక మీద వంగి కూర్చుని ఉంటుంది, వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ భాగాన్ని గిలక మీది నుంచి జరిపి వెలుతురులో చూడండి. పాయల సందుల్లోంచి ఎర్రటి పొడి రాలితే లోపల తుప్పు పట్టినట్టే, పైన ఎంత మెరిసినా సరే. మెలిక పడి విరిగినట్టున్న చోటు, అణిగి పలకబారిన చోటు, పాయలు విచ్చుకుని ఉబ్బిన చోటు, వీటిలో ఏది కనబడినా రోప్ పని అయిపోయినట్టే. మందపాటి గ్రీజు పూసేవాళ్లున్నారు, అది దుమ్ము పట్టుకుంటుంది, లోపలికి దిగదు, తుప్పును కప్పెడుతుంది. వైర్ రోప్ కోసం దొరికే పల్చటి లూబ్రికెంట్ అయితే తీగల మధ్యకు ఇంకుతుంది.

గిలకలు కూడా తిరగాలి. టవర్ లేస్తుంటే ఒక మనిషి దూరంగా నిలబడి ఒక్కో గిలక తిరుగుతోందో లేదో చూడాలి. గిలక బిగుసుకుపోతే రోప్ దాని మీద జారుతూ అరిగిపోతుంది.

వించ్ దగ్గర మాత్రం నూనె డబ్బా చాలా జాగ్రత్తగా వాడాలి. హ్యాండ్ బ్రేక్ వించ్‌లో పళ్ల చక్రాలకు గ్రీజు కావాలి, బ్రేకు డిస్కులకు మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు, ఎందుకంటే మనం హ్యాండిల్ వదిలినప్పుడు బరువంతా ఆగేది ఆ డిస్కుల రాపిడి మీదే. "బిగుసుగా ఉంది" అని మొత్తానికీ నూనె కొట్టేస్తే టవర్ చేతిలోంచి జారిపోతుంది. లేపుతున్నప్పుడు టక్ టక్ మని శబ్దం రావాలి, దించేటప్పుడు రాదు. లేపేటప్పుడు ఆ టక్కులు ఆగిపోయాయంటే చేతిలోని హ్యాండిల్‌ను వదలకుండా, ఇంకా పైకి పోకుండా, మెల్లగా దించేయాలి. ప్రతిసారీ ముందు ఒకటి రెండడుగులే లేపి, చెయ్యి నెమ్మదిగా వదిలి, అక్కడే ఆగిందో లేదో చూసుకున్నాకే పైకి పోతాను. చేతి వించ్‌కు డ్రిల్ మిషన్ తగిలించి గిర్రున తిప్పడం వీడియోల్లో సరదాగా ఉంటుంది, దించేటప్పుడు ఆ వేగానికి డిస్కులు కాలిపోతాయి. డ్రమ్ము మీద ఎప్పుడూ కనీసం మూడు నాలుగు చుట్లు మిగలాలి, లేకపోతే బరువంతా రోప్ కొసను పట్టిన చిన్న బోల్టు మీద పడుతుంది. పైకి లేపేటప్పుడు కూడా ఎక్కడ ఆపాలో సెక్షన్ మీద పెయింటుతో గీత పెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది సెక్షన్ మధ్యలో ఇరుక్కోవడం. మోటారుతో కిందికి కూడా లాగే టవర్లు వేరు, చేత్తో తిప్పేవి సొంత బరువుకే దిగుతాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టినప్పటిలాంటి చలిలో సెక్షన్ల మధ్య మంచు పట్టేస్తుంది, లేదా యాంటెన్నా నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ మెలికపడి అడ్డం పడుతుంది. మనం హ్యాండిల్ తిప్పుతూ రోప్ వదులుతుంటాం, పైన సెక్షన్ మాత్రం దిగదు. అడుగులకు అడుగులు వదులైన రోప్ వేలాడుతుంటుంది. ఆ క్షణంలో టవర్‌ను కదిలించినా, ఊపినా, కర్రతో కొట్టినా అది ఒక్కసారిగా ఆ వదులంతా పడి, రోప్‌ను ఝాడించి తెంచేస్తుంది. అందుకే దించేటప్పుడు రోప్ బిగువు మీద ఒక కన్ను ఉండాల్సిందే. వదులు కనబడగానే ఆపి, వెనక్కి తిప్పి, వదులంతా మళ్లీ చుట్టేసి బరువు రోప్ మీదికి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే కారణం వెతకాలి. మంచయితే ఎండ వచ్చి కరిగే దాకా ఆగడమే మందు.

గాలి లెక్క చాలా సూటిగా ఉంటుంది. వేగం గంటకు 50 మైళ్ల నుంచి 70కి పెరిగితే టవర్ మీద ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. తయారీదారు రాసిన యాంటెన్నా వైశాల్యం ఏ గాలి వేగానికో చదవకుండా పెద్ద యాంటెన్నా పెట్టేస్తే కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆకాశం నల్లబడ్డాక గంటలోపే గాలివాన వచ్చేస్తుంది. వాతావరణ హెచ్చరిక మధ్యాహ్నం చూడగానే దించేస్తాను, ఉరుము వినబడ్డాక మాత్రం హ్యాండిల్ దగ్గరికి వెళ్లను, టవర్ ఎక్కడున్నా అక్కడే ఉండనీ.

కాళ్లు గొట్టాలైతే అడుగున నీళ్లు పోవడానికి రంధ్రాలుంటాయి, మట్టీ ఆకులూ వాటిని మూసేస్తాయి, నీళ్లు నిలిచి గడ్డకడితే గొట్టం నిలువునా చీలుతుంది. ఒక తీగ పెట్టి కెలికితే పోయేదానికి టవరే పోగొట్టుకోవడం ఎందుకు? వేసవిలో వించ్ పెట్టె మూత తీసేముందు కందిరీగల తుట్టె ఉందేమో చూసుకోండి. ఎర్తింగ్ కోసం రాగి తీగను నేరుగా గాల్వనైజ్డ్ కాలికి బిగించొద్దు, తడి తగిలితే రాగి పక్కన జింకు పూత తినేసుకుపోతుంది, మధ్యలో స్టెయిన్‌లెస్ క్లాంపు వాడండి.

మన దగ్గర, హైదరాబాదులోనో విజయవాడలోనో, ఇలాంటి టవర్లు నాకు పెద్దగా కనబడలేదు, డాబా మీద ఒకదాంట్లో ఒకటి దూరే పైపు మాస్టులే ఎక్కువ. వాటిని చేత్తో పైకి తోసి పిన్ను పెడతారు. పిన్ను పెట్టేదాకా అరచెయ్యి పై పైపు అంచు కిందకు పోనివ్వకండి. అంతకంటే ముందు కరెంటు తీగలు చూడండి. మాస్టు ఎటు పడినా, దాని పూర్తి పొడవూ, యాంటెన్నా పొడవూ కలిపినా తీగలకు ఇంకా దూరం మిగలాలి. ఆ దూరం లేని డాబా మీద మాస్టు వద్దు, పొట్టి డైపోల్ (తీగతో చేసిన మామూలు యాంటెన్నా) తోనే మాట్లాడుకోవచ్చు.

మా టవర్ రోప్‌లు ఈ అక్టోబరులో మార్చేస్తున్నాను, ఎండలు తగ్గుతాయి, కందిరీగలు కూడా సద్దుమణుగుతాయి. పూర్తిగా దించి, వంచి, పడుకోబెట్టాకే పాత రోప్‌లు విప్పాలి. విప్పేముందు ఒక్కోటి ఏ గిలక మీదుగా ఏ వైపు పోతోందో ఫొటోలు తీసి, తీశాక పొడవు కొలిచి, అదే మందం గాల్వనైజ్డ్ రోప్ తెచ్చుకోవాలి. కొసల దగ్గర యూ క్లాంపులు వేసేవాళ్లకు ఒక సంగతి, క్లాంపులో గాడి ఉన్న దిమ్మ బరువు మోసే రోప్ వైపు ఉండాలి, వంపు తిరిగిన యూ బోల్టు తోక వైపు ఉండాలి. తిరగేస్తే యూ బోల్టు బరువు మోసే రోప్‌నే నలిపేస్తుంది. ఒకసారి లేపి దించాక నట్లు మళ్లీ బిగించండి, బరువు పడ్డాక రోప్ కొంచెం సన్నబడి అవి వదులవుతాయి.