రవి, జో చదివిన తరగతి
సారా వీక్స్, గీతా వరదరాజన్ కలిసి రాసిన ‘సేవ్ మీ ఎ సీట్’ (2016) అనే పిల్లల నవలను మా అమ్మాయితో కలిసి చదవడం ఈ వారమే ముగించాను. బెంగళూరు నుంచి న్యూజెర్సీకి వెళ్లిన రవి అక్కడ అయిదో తరగతిలో చేరతాడు. పాత బడిలో చదువులో ముందుండే ఆ పిల్లవాడి ఉచ్చారణ అర్థం కాక, కొత్త టీచరు అతనికి ప్రత్యేక సహాయం అవసరమని భావించడం నన్ను చాలా బాధించింది. చెవిన పడిన మాటలను గ్రహించడంలో ఇబ్బంది ఉన్న జో కూడా అదే తరగతిలో ఉంటాడు. సోమవారం నుంచి శుక్రవారం వరకు జరిగే ఈ కథను ఇద్దరూ మార్చి మార్చి చెబుతారు.

భారతీయ మూలాలున్న డిల్లన్ తనకు తప్పక స్నేహితుడవుతాడని రవి నమ్ముతాడు. ఆ డిల్లనే ఇద్దరినీ ఏడిపిస్తుంటాడు. అయితే బెంగళూరులో ఉన్నప్పుడు తాను కూడా ఒక తోటి విద్యార్థిని చిన్నచూపు చూశానని రవి గ్రహించే ఘట్టమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది, ఎందుకంటే వలస వచ్చిన పిల్లవాణ్ణి కేవలం జాలిపడవలసినవాడిగా చూపకుండా, అతనూ మారవలసి ఉందని చెప్పడానికి ఎంతో నిజాయితీ కావాలి. పిల్లలతో అమెరికా వెళ్తున్న తెలుగు తల్లిదండ్రులు ఈ నవలను వారితో కలిసి చదవాలని మనసారా కోరుకుంటున్నాను.