సోంపు ప్లేటులో చిల్లర

"నువ్వు బిల్లు కట్టే రెస్టారెంట్‌కి నేను రానమ్మా" అంది మా అమ్మాయి. మొన్న మా పెళ్లిరోజు నాడు. టేబుల్ బుక్ చేసుకున్నాం, మా ఆయన కారు బయటికి తీశారు, చిన్నోడు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు, ఇది మాత్రం గ్యారేజీ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. 17 ఏళ్ల పిల్ల. ఈ వయసులో ఏదో ఒకటి అంటారు, నేను అన్నీ మనసుకి పట్టించుకోను, కానీ ఈ మాట వారమైనా నన్ను వదల్లేదు.

కారణం నాకు తెలుసనే అనుకున్నా. నెల క్రితం మా ఫ్రెండ్స్ ఫ్యామిలీతో కలిసి ఇక్కడే డల్లాస్ పక్కన ఒక తెలుగు రెస్టారెంట్‌కి వెళ్లాం. బిర్యానీ రావడానికి నలభై నిమిషాలు, మంచినీళ్లు రెండుసార్లు అడిగితే గానీ రాలేదు. బిల్లు 164 డాలర్లు. నేను టిప్ దగ్గర 10 వేసి సంతకం పెట్టేశా. అది పక్కనుంచి చూసింది, ఏమీ అనలేదు, దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వేసవి సెలవుల నుంచీ అది ఒక టిఫిన్ రెస్టారెంట్‌లో సర్వర్‌గా చేస్తోంది కదా, అందుకని కోపం వచ్చిందనుకున్నా.

ఆ ఉద్యోగానికి నేను ఒప్పుకున్నది కూడా ఇష్టంతో కాదు. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చని ఒప్పుకున్నా. డబ్బు విలువ తెలుస్తుందని అందరికీ చెప్పా. తెలిసింది, నిజమే, కానీ దానికి తెలిసింది నేననుకున్నది కాదు.

మొదటి పే స్టబ్, అంటే జీతం లెక్క చీటీ, తెచ్చి వంటింట్లో గట్టు మీద పెట్టింది. రెండు వారాలకి 18 గంటలు. గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. మొత్తం 38.34. మిగతాది టిప్పుల్లో వచ్చిన 210, అది ఏ రోజుది ఆ రోజు చేతికి ఇచ్చేశారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మాత్రం జీతానికీ టిప్పులకీ కలిపి లెక్కేసి 19 డాలర్లు ఈ జీతంలోంచే పట్టుకున్నారు. చెక్కు 19.34కి వచ్చింది. నేను తప్పు పడిందేమో అనుకున్నా, గంటకి 12.13 అయ్యుంటుంది, మేనేజర్‌ని అడగమన్నా. తప్పేమీ లేదమ్మా, లా అదే అంది. టిప్పులొచ్చే పనికి ఫెడరల్ కనీస జీతం 2.13. టెక్సాస్ కూడా అదే వాడుకుంటుంది. 1991 నుంచీ ఒక్క సెంటు పెరగలేదు. 1991లో నేను తెనాలిలో ఆరో క్లాసు. అది పుట్టడానికి 17 ఏళ్ల ముందు పెట్టిన రేటు, దాని 17వ ఏట దాని చేతికొచ్చింది.

మామూలు పనులకి 7.25 కదా, అది కూడా 2009 నుంచీ అక్కడే ఆగిపోయింది. టిప్పులు కలిపి కూడా 7.25 రాకపోతే ఆ తేడా ఓనర్ వేసివ్వాలని చట్టంలో ఉంది. "మరి అడగొచ్చుగా" అన్నా. "అడిగినవాళ్లకి ఆదివారం షిఫ్టు పడదమ్మా" అంది, చాలా మామూలుగా. నా కూతురు అంత మామూలుగా ఆ మాట అనడం నాకు బాధేసింది.

ఒక సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ మా ఇంట్లో స్పూన్లే తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. పేపర్ నాప్కిన్ ఏటవాలుగా పరిచి, ఫోర్కు, దాని మీద కత్తి, కింది అంచు పైకి మడిచి, చేత్తో ఒక్క తిప్పు తిప్పి, చివర బొటనవేలితో నొక్కడం. చూడకుండానే చేస్తోంది. నేను అరిసెలు ఒత్తడం నేర్పిస్తే రాని చెయ్యి అది. షిఫ్టు అయ్యాక ఇలాంటివి వంద చుట్టి ట్రేలో పెడితే గానీ ఇంటికి పంపరట. కెచప్ సీసాలు నింపాలి, టేబుళ్ల కింద ఊడవాలి. "అప్పుడు కస్టమర్లు ఉండరు. దీనికి టిప్పెవరిస్తారు చెప్పు?" అంది.

నాకు జవాబు రాలేదు. దానికో కారణం ఉంది. నేను మొదట్లో కన్సల్టెన్సీలో చేసేటప్పుడు క్లయింట్ నా గంటకి 62 డాలర్లు ఇస్తుంటే నా చేతికి 40 వచ్చేది. ఆ 22 ఎక్కడికి పోతున్నాయో తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లయినా ఎవరింట్లో ఆ ప్రస్తావన వచ్చినా నా గొంతు పెరుగుతుంది. గ్రీన్ కార్డు సంగతీ అంతే. ఉద్యోగాల కోటాలో ఏటా 1,40,000, ఒక దేశానికి మామూలుగా 7 శాతం మించకూడదు, మేం లైన్లో చేరిన డేటు 2013 డిసెంబరు, ఇంకా లైన్లోనే ఉన్నాం. ఇది అన్యాయం అని పిల్లల ముందు వెయ్యిసార్లు అని ఉంటా. అన్యాయం అనే మాట మా ఇంట్లో వాళ్లు నా దగ్గరే నేర్చుకున్నారు. కానీ నేను ఆ మాట వాడింది ఎప్పుడూ నాకు జరిగినదాని గురించే. మా ప్లేటు తెచ్చి పెట్టినవాళ్ల గంట రేటెంతో ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు.

టిప్ విషయంలో నా పెంపకం వేరు. చిన్నప్పుడు నాన్న నెలకోసారి విజయవాడ తీసుకెళ్తే హోటల్లో టిఫిన్ తినేవాళ్లం. బిల్లు చిన్న ప్లేటులో సోంపుతో కలిపి వచ్చేది. నాన్న డబ్బులు పెట్టి, మిగిలిన చిల్లరలో నోట్లు తీసుకుని బిళ్లలు సోంపులోనే వదిలేసేవారు. నేను ఆ సోంపు తిందామని చెయ్యి పెడితే "అది వాళ్లది" అనేవారు. అది దయ. మనసుకి నచ్చితే ఇస్తాం, నచ్చకపోతే లేదు. నేను ఆ సోంపు ప్లేటుని అలాగే ఇక్కడికి పట్టుకొచ్చేశా. ఇక్కడ అది దయ కాదు, జీతం, ఓనర్ ఇవ్వాల్సిన దాంట్లో సగం పైన నన్ను ఇమ్మని నా చేతిలో పెట్టారు, నేనేమో నీళ్లు ఆలస్యమయ్యాయని దాంట్లో కోత పెట్టా.

ఆలోచిస్తే మా అమ్మ కూడా ఇదే చేసింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం ఒక యాభై పెంచమని అడిగిన ప్రతిసారీ "సంక్రాంతికి చీర పెట్టాం కదే, మొన్న పిల్లకి పుస్తకాలు కొనిచ్చాం కదా" అనేది. మా అమ్మ చెడ్డది కాదు, ఆవిడకి జ్వరమొస్తే జావ కాచి పంపేది. అయినా చీర ఇచ్చింది గానీ యాభై ఇవ్వలేదు. చీరైతే మనం పెట్టినట్టు ఉంటుంది, యాభై అయితే వాళ్లకి రావాల్సింది ఇచ్చినట్టు ఉంటుంది. ఈ తేడా నాకు 45 ఏళ్లకి, నా కూతురి పే స్టబ్ చూస్తే గానీ తట్టలేదు.

మా అమ్మాయి స్కూల్లో అమెరికా హిస్టరీ క్లాసు ప్రాజెక్టు కూడా ఈ టిప్పుల మీదే చేసింది. ఇక్కడి సివిల్ వార్ (అంతర్యుద్ధం) అయ్యాక పుల్‌మన్ కంపెనీ రైళ్లలో స్లీపర్ కార్లకి పోర్టర్లుగా విడుదలైన బానిసలనే పెట్టుకుంది, జీతం నామమాత్రం, టిప్పుల మీద బతకాలి. ఓనర్ పేరు జార్జ్ పుల్‌మన్ కాబట్టి ప్రయాణికులు ప్రతి పోర్టర్‌నీ "జార్జ్" అనే పిలిచేవాళ్లట, ఎవరి పేరూ అడిగేవాళ్లు కాదట. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ అనే నల్లజాతి కార్మిక నాయకుడు 1925లో వాళ్లకి యూనియన్ పెడితే కంపెనీతో ఒప్పందం కుదరడానికి 1937 దాకా పట్టింది. మరుసటి ఏడాదే కనీస జీతం చట్టం వచ్చింది, గంటకి 25 సెంట్లు, కానీ రెస్టారెంట్ పనివాళ్లని అందులో కలపలేదు. 1966లో కలిపారు, అప్పుడు కూడా సగం టిప్పుల్లోంచి లెక్కేసుకోవచ్చని ఓనర్లకి వెసులుబాటు ఇచ్చారు.

1963లో వాషింగ్టన్‌లో జరిగిన పెద్ద మార్చ్ గురించి నాకు తెలుసు, మార్టిన్ లూథర్ కింగ్ కల గురించి మాట్లాడిన రోజు. దానికి ముందుండి నడిపింది ఈ రాండాల్ఫేనని, దాని పూర్తి పేరులో ఫ్రీడమ్ కన్నా ముందు జాబ్స్ ఉందని, గంటకి 2 డాలర్ల కనీస జీతం అడిగారని ఇది చెప్తే తెలిసింది. "ఆ ఉద్యమం లేకపోతే మనలాంటి దేశాలవాళ్లకి తలుపు తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం వచ్చేది కాదమ్మా, అది రాకపోతే నువ్వూ నాన్నా ఇక్కడ ఉండేవాళ్లు కాదు" అంది. అప్పట్లో 2 డాలర్లు అడిగారు, ఇప్పుడు నా కూతురికి 2.13 ఇస్తున్నారు.

సరే, మరి ఏం చెయ్యాలి అంటే అక్కడ నాకూ దానికీ ఇద్దరికీ స్పష్టత లేదు. టిప్పుల మీద టాక్స్ తీసేస్తామని 2024లో రెండు పార్టీలూ అన్నాయి, 2025 జులై 4న ఆ చట్టం మీద సంతకం అయింది, ఏటా 25,000 డాలర్ల టిప్పుల దాకా ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు, 2028 వరకు. ఇక బాగానే ఉందిగా అన్నా. "నాకు ఇన్‌కమ్ టాక్స్ పడేంత ఎక్కడ వస్తోంది? ఓనర్ ఇచ్చేది మారలేదుగా" అంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మినెసోటా లాంటి ఏడు రాష్ట్రాల్లో టిప్పులొచ్చినా పూర్తి కనీస జీతం ఇవ్వాల్సిందే. అదే ఇక్కడా చెయ్యాలి అని దాని వాదన. కానీ దానితో పాటు పనిచేసే పెద్దావిడ, మా అమ్మ కన్నా నాలుగైదేళ్లు చిన్నది ఉంటుందేమో, ఆవిడే వద్దంటోందట. ఆదివారం పొద్దున ఆవిడకి వచ్చే టిప్పులు ఏ జీతంలోనూ రావని, జీతం పెరిగితే జనం టిప్పులు మానేస్తారని భయం. 2024 నవంబర్‌లో మసాచుసెట్స్‌లో ఇదే ఓటింగ్‌కి పెడితే అక్కడి జనం వద్దనే ఓటేశారు. కాబట్టి నేను ఇది కరెక్టు, అది తప్పు అని తేల్చి చెప్పలేను. ఆవిడ పది గంటలు నిలబడుతుందని మాత్రం తెలుసు, మోకాలికి పట్టీ వేసుకుని.

నేను పిల్లలకి చిన్నప్పటి నుంచీ చెప్పింది ఒక్కటే, కష్టపడితే పైకొస్తారు అని. దీన్నే మా అమ్మాయి పట్టుకుంది. "ఆవిడ కష్టపడట్లేదా అమ్మా?" అని అడిగింది. చదువుకోలేదు కదా అనబోయి ఆగిపోయా, ఎందుకంటే అప్పుడే అది అసలు సంగతి చెప్పింది.

గ్యారేజీ దగ్గర అన్న మాటకి కారణం 10 డాలర్లు కాదట. ఆ రోజు బిర్యానీ కోసం కూర్చున్నప్పుడు చిన్నోడు హోమ్‌వర్క్ చెయ్యలేదని తెలిసి నేను తెలుగులో, "చదువుకోకపోతే రేపు ఇలాగే ప్లేట్లు మోసుకోవాల్సొస్తుంది" అన్నానట. అన్నా. గుర్తుంది. మన భాషలో మనం అనుకుంటున్నాంలే అన్న ధైర్యం. ఎవరూ లేనట్టే అన్నా. మా టేబుల్ చూసుకునే అబ్బాయి పక్కనే నిలబడి గ్లాసుల్లో నీళ్లు పోస్తున్నాడు. తెలుగబ్బాయి. "ఆ అన్న ఒక్క క్షణం ఆగి, మళ్లీ పోశాడమ్మా. నవ్వాడు కూడా. నువ్వు చూడలేదు" అంది. ఇంజనీరింగ్ చదివి, అప్పు చేసి వచ్చి, ఇక్కడ ఏ యూనివర్సిటీలోనో మాస్టర్స్ చేస్తూ ఉంటాడు. నా చిన్నోడికన్నా, నాకన్నా ఎక్కువే చదివి ఉంటాడు.

ఆ మాట విన్నాక దాని ముందు కూర్చోలేకపోయా. లేచి గిన్నెలు సర్దుకున్నా. సారీ కూడా వెంటనే చెప్పలేదు, "నేను ఆ ఉద్దేశంతో అనలేదు" అన్నా, అది నా మొండితనం, ఆ ఉద్దేశంతోనే అన్నానని ఇద్దరికీ తెలుసు. వచ్చే ఏడాది దీనికి 18 నిండుతాయి. మా ఇంట్లో మొదటి ఓటు దానిదే, ఇప్పటికి ఓటున్న పెద్దవాళ్లం ఎవరం లేము. 17 ఏళ్ల 10 నెలలకి రిజిస్టర్ చేసుకోవచ్చట, ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద పెట్టుకుంది. పొద్దున పాలు తీసినప్పుడల్లా కనిపిస్తుంది. దాని ఓటు ఎవరికని నేను అడగను. నా మాటలు విని పెరిగిన పిల్ల నాలా కాకుండా ఆలోచిస్తోందని ఊరటగా ఉంటుంది, మళ్లీ నన్ను చూసి సిగ్గుపడి అలా అయిందేమోనని గుండె కలుక్కుమంటుంది. ఏ రోజు ఏది ఎక్కువో చెప్పలేను.

శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూ ఆ రెస్టారెంట్ దగ్గర ఆగా. పార్సిల్ చెప్పి, ఆ అబ్బాయితో ఒక్క మాట మాట్లాడాలని నిలబడ్డా. ఏం మాట్లాడాలో దారంతా అనుకున్నా. లోపల ఇంకెవరో అటూ ఇటూ తిరుగుతున్నారు. కౌంటర్ దగ్గర ఆవిడని "నెల క్రితం ఆదివారం రాత్రి ఆ మూల పెద్ద టేబుల్ చూసిన అబ్బాయి ఉన్నాడాండీ" అని అడిగా.

"ఏ అబ్బాయండీ? పేరేంటి?"

"సన్నగా, పొడుగ్గా ఉంటాడు... నల్ల చొక్కా."

"అందరికీ నల్ల చొక్కాలేనండీ" అంది ఆవిడ, నొచ్చుకోకుండానే. వెనక ఎవరో బిల్లు కట్టడానికి నిలబడ్డారు, పక్కకి జరిగా.

ఇంటికొచ్చి పార్సిల్ గట్టు మీద పెడుతుంటే మా అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఎక్కడికెళ్లానో సంచి మీద పేరు చూసి దానికి అర్థమైంది. "కనిపించాడా?" అంది.

"లేడు. పేరు అడిగారు."

అది ఏమీ అనకుండా సంచిలోంచి డబ్బాలు తీసి, నాలుగు ప్లేట్లు పెట్టింది.