వై తోక

"వై తోక కింది లైన్‌కి తగులుతోందన్నా, కొంచెం కోసేద్దామా?" అన్నాడు కార్డు డిజైన్ చేసే కుర్రాడు. వద్దు తమ్ముడూ, లైనే కిందికి జరుపు అన్నాను.

చెల్లి పెళ్లికార్డు, ఇంగ్లీషు వైపు. పేర్లు జాప్‌ఫినోలో. జర్మన్ అక్షరాల డిజైనర్ హెర్మన్ జాప్ 1944లో స్కెచ్‌బుక్‌లో చేత్తో రాసుకున్న అక్షరాలకి అది 1998లో వచ్చిన ఫాంట్ రూపం. ఇన్నేళ్లయినా కలం ఒత్తు పోలేదు. దిగేటప్పుడు లావు, పైకి లేచేటప్పుడు వెంట్రుకంత సన్నం. డి అక్షరానికే ఎన్ని రూపాలో!

ముహూర్తం, మండపం అడ్రసు మాత్రం మామూలు అక్షరాల్లోనే పెట్టించాను. పెద్దవాళ్లు చదవాలి కదా. అయినా ఇంత సొగసు పేర్ల దగ్గరే నప్పుతుంది, చుట్టూ ఖాళీ ఉంటేనే.

సాయంత్రం ప్రూఫ్ ఇంటికి తెచ్చాను. అమ్మ ఆ తోక మీద వేలితో రాసి చూసింది, రెండుసార్లు.